కడుపులోని ఆమ్లాన్ని దాటి పెరుగులోని బ్యాక్టీరియా పేగుల్లోకి సజీవంగా చేరాలంటే ఏం చేయాలి?

పాల ప్రయోగశాలలో పనిచేసిన రోజుల్లో నేను చాలాసార్లు చేసిన పరీక్ష ఒకటుంది. ఒక గాజు గొట్టంలో కడుపులో ఊరే హైడ్రోక్లోరిక్ ఆమ్లమే కలిపి పీహెచ్ (ఆమ్లపు కొలత, అంకె తగ్గితే ఆమ్లం ఎక్కువ) 2కి తెచ్చిన ద్రవం, పక్కన మరో గొట్టంలో పీహెచ్ 6.5 దగ్గర ఉన్న ద్రవం. రెండింటిలోనూ ఒకే బ్యాక్టీరియాను ఒకే మోతాదులో వేసి, 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచి, గంటగంటకూ కొంచెం తీసి అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) పళ్లేల మీద పరిచేదాన్ని. రెండు రోజుల తర్వాత మూతలు తీస్తే రెండో గొట్టం తాలూకు పళ్లెం మీద తెల్లటి చుక్కలు, అంటే బతికిన బ్యాక్టీరియా పెరిగిన గుంపులు, లెక్కపెట్టలేనంత దట్టంగా ఉండేవి. మొదటి గొట్టం పళ్లెం మీద ఒక్కోసారి ఐదారు, ఒక్కోసారి ఒక్కటి కూడా ఉండేది కాదు. ఆ ఆమ్లంలోనే కాసిని పాలు కలిపి చూస్తే మాత్రం చుక్కలు మళ్లీ కనిపించేవి.

అదే బ్యాక్టీరియా, అంతే సమయం. పాలు తోడున్నాయి, అంతే తేడా. ఆ పళ్లేలు చూశాకే నేను పెరుగు తినే వేళ మార్చుకున్నాను. మీరు ఇంట్లో తోడుపెట్టే పెరుగుకైనా, దుకాణంలో కొనే ప్రొబయోటిక్ (మేలుచేసే సజీవ సూక్ష్మజీవుల) సీసాకైనా ఈ విషయం పనికొస్తుంది. ఒక్కో పనీ వరుసగా చెబుతాను.

1. ముందు జీర్ణాశయం వేళలు తెలుసుకోండి

పీహెచ్ కొలతలో 7 తటస్థం. అంకె తగ్గేకొద్దీ ఆమ్లం పెరుగుతుంది, ఒక్కో అంకెకూ పది రెట్ల చొప్పున. పాల పీహెచ్ సుమారు 6.6. తోడుకుని 4.6కు దిగేసరికి పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు ఒకదానికొకటి అంటుకుని గడ్డకడుతుంది. మనం పెరుగు అనేది దాన్నే. నిమ్మరసం 2కు కొంచెం పైన ఉంటుంది. ఏమీ తినని మనిషి జీర్ణాశయంలో పీహెచ్ 1.5 నుంచి 2 దాకా ఉంటుంది. 4.5 ఉన్న పెరుగుతో పోలిస్తే 2 ఉన్న జీర్ణరసం 300 రెట్లకు పైగా ఆమ్లం అన్నమాట. అలాంటి రసం రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల వరకు ఊరుతుంది.

అయితే ఆ ఆమ్లం రోజంతా ఒకే తీరుగా ఉండదు. భోజనం లోపలికి వెళ్లగానే అన్నం, పప్పు, పాలలోని మాంసకృత్తులు ఆమ్లాన్ని పీల్చుకుంటాయి. పీహెచ్ 4, 5, ఒక్కోసారి అంతకన్నా పైకి కూడా వెళుతుంది. తర్వాత రెండు మూడు గంటల్లో మళ్లీ 2 దగ్గరికి దిగుతుంది. బ్యాక్టీరియాకు తలుపు తెరిచి ఉండేది ఆ మధ్యలోనే. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతా పనుల్లో సగం వాటంతట అవే అర్థమవుతాయి.

2. బ్యాక్టీరియా తనను తాను ఎలా కాచుకుంటుందో చూడండి

ఈ భాగం దాటేసి వంటింట్లోకి వెళ్లిపోవాలని మీకు అనిపించవచ్చు. దయచేసి దాటేయకండి. తర్వాత చెప్పే ప్రతి జాగ్రత్తకూ కారణం ఇక్కడే ఉంది.

ఆమ్లం అంటే విడిగా తిరిగే ప్రోటాన్లు, ధనావేశమున్న అతి చిన్న కణాలు. అవి కణపొర దాటి లోపలికి జొరబడితే ఎంజైములు పని మానేస్తాయి, డీఎన్‌ఏ దెబ్బతింటుంది. కాబట్టి బ్యాక్టీరియాకు పని, వానాకాలంలో ఇంట్లోకి వచ్చిన నీళ్లను తోడి బయట పోయడం లాంటిదే. ఆ తోడే పంపు కణపొరలోనే అమర్చి ఉంటుంది. మన శరీర కణాల్లో ఇదే కుటుంబానికి చెందిన యంత్రం ఏటీపీ అనే శక్తి నాణేన్ని తయారుచేస్తుంది. పాలను తోడుపెట్టే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాలో అది తిరగబడి, ఏటీపీని ఖర్చుపెట్టి ప్రోటాన్లను బయటికి నెడుతుంది. ఖర్చు పెట్టాలంటే సంపాదన ఉండాలి కదా. ఆ సంపాదన చక్కెర నుంచి వస్తుంది. లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ అనే రకాన్ని ఆమ్లంలో వేసినప్పుడు కాస్త గ్లూకోజు అందుబాటులో ఉంటే చాలా ఎక్కువగా బతుకుతుందని 2005లో ఐర్లండ్ పరిశోధకులు చూపించారు. ఆకలితో ఉన్న బ్యాక్టీరియా పంపు తిప్పలేదు. ప్రయోగశాలలో నా పాల గొట్టంలో చుక్కలు మిగలడానికి ఒక కారణం ఇది. పాలు ఆమ్లాన్ని నేరుగా పీల్చుకోవడం రెండో కారణం.

పంపు ఒక్కటే అయితే అలసిపోతుంది. అందుకని కొన్ని రకాలు లోపలే క్షారం తయారుచేసుకుంటాయి. ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లాన్ని విరిచి అమ్మోనియా పుట్టించేవి కొన్ని. పెరుగులో ఉండే స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ పాలలోని యూరియాను విరిచి అమ్మోనియా చేస్తుంది. గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లాన్ని గాబా అనే పదార్థంగా మార్చేవి ఇంకొన్ని. ఆ మార్పులో ఒక్కో అణువుకూ ఒక్కో ప్రోటాన్ ఖర్చైపోతుంది. వీటితోపాటు కణపొరలోని కొవ్వు ఆమ్లాల పొందిక మారుతుంది, ప్రోటాన్లు అంత తేలిగ్గా చొరబడకుండా పొర గట్టిపడుతుంది. దెబ్బతిన్న మాంసకృత్తులను పట్టుకుని సరైన ఆకారంలోకి మళ్లీ మడిచే సహాయక ప్రోటీన్లు కూడా పెద్దయెత్తున తయారవుతాయి.

వీటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది అలవాటు. పీహెచ్ 5 దగ్గరి తేలికపాటి పులుపులో కాసేపు గడిపిన బ్యాక్టీరియా, తర్వాత పీహెచ్ 3లో వేస్తే నిలబడుతుంది. పాల తీపిలోంచి నేరుగా పీహెచ్ 3లోకి దూకినది కూలిపోతుంది. చిన్న పులుపు తగలగానే పైన చెప్పిన పంపులు, సహాయక ప్రోటీన్లు అన్నీ సిద్ధమవుతాయి. పాలు నిదానంగా తోడుకోవడంలో జరిగేది ఈ సాధనే.

అన్ని రకాలకూ ఈ శక్తి ఒకేలా ఉండదు. 1905లో స్టామెన్ గ్రిగోరోవ్ అనే బల్గేరియా వైద్య విద్యార్థి తన దేశపు పెరుగులోంచి ఒక కర్ర ఆకారపు బ్యాక్టీరియాను వేరుచేశాడు. దాన్నే ఇప్పుడు బల్గారికస్ అంటున్నాం. 1908లో నోబెల్ బహుమతి అందుకున్న శాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్, ఈ పెరుగు దీర్ఘాయువు ఇస్తుందని గట్టిగా నమ్మాడు. తీరా చూస్తే బల్గారికస్ కడుపు ఆమ్లానికీ పైత్యరసానికీ బలహీనం. పేగుల్లో స్థిరపడదు. అందుకే తర్వాతి వాళ్లు ఆమ్లాన్ని తట్టుకునే రకాల కోసం మనిషి పేగుల్లోనే వెతికారు. 1930లో జపాన్‌లో మినోరు షిరోటా ఎంచి పెంచిన రకం అలాంటిదే. 1935లో అది పానీయంగా మార్కెట్లోకి వచ్చింది. 1980లలో అమెరికాలో షెర్వుడ్ గోర్బాక్, బ్యారీ గోల్డిన్ వేరుచేసిన జీజీ రకానికి ఆ రెండక్షరాలు వాళ్ల ఇంటిపేర్ల నుంచే వచ్చాయి. ఆమ్లాన్నీ పైత్యాన్నీ తట్టుకోవడం వాళ్లు దాన్ని ఎంచుకోవడానికి పెట్టుకున్న షరతుల్లో ఒకటి.

అలాగని బల్గారికస్ పనికిరానిదని అనుకోకండి. అది చనిపోయి విచ్చుకున్నప్పుడు దాని లోపలి లాక్టేజ్ ఎంజైము బయటపడి, పాల చక్కెర అరగనివారికి దాన్ని అరిగించి పెడుతుంది. పాలు తాగితే కడుపు ఉబ్బరించే చాలామందికి పెరుగు పడటానికి కారణం ఇదే.

3. తోడుపెట్టేటప్పుడు తొందరపడకండి

పాలను పొంగు రానిచ్చి, సన్నని సెగ మీద ఇంకో ఐదు పది నిమిషాలు మరగనివ్వండి. దీనివల్ల వేరే సూక్ష్మజీవులు పోతాయి, గడ్డ కూడా బిగుతుగా వస్తుంది. తర్వాత చల్లార్చాలి. చిటికెన వేలు ముంచి పది లెక్కపెట్టేంతసేపు ఉంచగలిగితే చాలని పెద్దవాళ్లు చెప్పేది సరైన కొలతే, అది సుమారు 40 నుంచి 43 డిగ్రీలు. వేలు చురుక్కుమంటే ఇంకా ఆగాలి. 50 దాటిన పాలలో తోడు వేస్తే బ్యాక్టీరియాకు మీ చేతులమీదుగానే మొదటి దెబ్బ తగులుతుంది.

అరలీటరు పాలకు ఒక చెంచా తోడు చాలు. ఆ చెంచాను ముందు ఒక గిన్నెలో గిలక్కొట్టి, కొద్దిగా పాలు పోసి కలిపి, ఆ తర్వాత మిగతా పాలలో పోయండి. రెండు మూడు చెంచాలు వేస్తే త్వరగా తోడుకుంటుందని చాలామంది ఎక్కువ వేస్తారు. త్వరగానే తోడుకుంటుంది, కానీ పులుపు ఒక్కసారిగా పెరిగిపోతుంది. నిదానంగా పులిసిన పెరుగులో బ్యాక్టీరియాకు పైన చెప్పిన సాధన దొరుకుతుంది. ఎండాకాలంలో నాలుగైదు గంటలు, చలికాలంలో ఎనిమిది, పది గంటలు పట్టినా కంగారు పడకండి. చలి రోజుల్లో గిన్నెను బియ్యం డబ్బాలో కూర్చోబెట్టడం, మందపాటి తువ్వాలు చుట్టడం మంచి పద్ధతులే. అమెరికాలోనో కెనడాలోనో ఉండి పెరుగు తోడుకోవడం లేదని వాపోయేవాళ్లు ఓవెన్ వెలిగించకుండా, లోపలి దీపం ఒక్కటే వేసి గిన్నె అందులో పెట్టి తలుపు మూస్తే చాలు.

4. గిన్నె కదిపి చూసి, సరైన వేళకు ఫ్రిజ్‌లో పెట్టండి

గిన్నెను కొద్దిగా ఒక పక్కకు వంచండి. పెరుగు అంచు గిన్నెను వదలకుండా ఒక్క ముద్దగా కదిలితే తోడుకున్నట్టే. మీద తేట కొంచెం, చెంచాడు కనిపించవచ్చు. నాలుక మీద వేసుకుంటే తియ్యగానూ కాదు, పళ్లు పులిసేలాగానూ కాదు, కమ్మగా ఉండాలి. ఆ వేళకు ఫ్రిజ్‌లోకి మార్చండి.

ఇక్కడ ఆలస్యం చేస్తే నష్టం ఎందుకు? లాక్టిక్ ఆమ్లం తీరు హైడ్రోక్లోరిక్ ఆమ్లం తీరుకు వేరు. అది పూర్తిగా విడిపోని రూపంలో ఉన్నప్పుడు ప్రోటాన్‌ను తనతోపాటే పట్టుకుని కణపొరలోంచి జారి లోపలికి వెళుతుంది, లోపల విడిపోయి దాన్ని అక్కడ వదిలేస్తుంది. పంపు బయటికి నెట్టినంత మళ్లీ లోపలికి వస్తుంది. పీహెచ్ 4 కిందికి దిగేకొద్దీ ఈ జారేది ఎక్కువవుతుంది. పులిసిపోయిన పెరుగులో బ్యాక్టీరియాను చంపేది ఇలా అవి తయారుచేసిన ఆమ్లమే. ఫ్రిజ్‌లో ఈ పులుపు పెరగడం నెమ్మదిస్తుంది కానీ పూర్తిగా ఆగదు. అందుకని తోడుపెట్టిన పెరుగును రెండు మూడు రోజుల్లో తినేయండి. వారం దాటిన పుల్లటి పెరుగు రుచికీ మజ్జిగ పులుసుకీ పనికొస్తుంది. బ్యాక్టీరియా కోసం అయితే కొత్తగా తోడుపెట్టడమే మేలు.

మరీ పచ్చిగా, ఇంకా పాలలాగే ఉన్నప్పుడు తినేయడం కూడా మంచిది కాదు. వేగంగా పెరుగుతున్న దశలో ఉన్న కణాలకు ఆమ్లపు దెబ్బ ఎక్కువ తగులుతుంది. పెరుగుదల నెమ్మదించి, చుట్టూ పులుపుకు అలవాటు పడ్డాకే అవి గట్టిపడతాయి. రాత్రి తోడుపెట్టి, పొద్దున్న ఫ్రిజ్‌లో పెట్టి, మధ్యాహ్నం భోజనంలో తినడం అన్నిటికన్నా బాగుంటుంది.

5. భోజనంలో చివర, అన్నంతో తినండి

పొద్దున్నే ఖాళీ కడుపుతో ఒక గిన్నె పెరుగు తాగమనే సలహా చాలాచోట్ల వినిపిస్తుంది. బ్యాక్టీరియా బతకడమే మీకు కావలసింది అయితే ఆ వేళ అన్నిటికన్నా గడ్డుది. పీహెచ్ 1.5లో సున్నితమైన రకాలు నిమిషాల్లోనే పోతాయి.

2011లో కెనడాకు చెందిన ఒక పరిశోధక బృందం మనిషి జీర్ణవ్యవస్థను పోలిన యంత్రంలో దీన్ని పరీక్షించింది. ప్రొబయోటిక్‌ను భోజనంతోపాటు గానీ, భోజనానికి అరగంట ముందు గానీ ఇస్తే ఎక్కువ బతికాయి. భోజనం అయిన అరగంటకు ఇస్తే తక్కువ బతికాయి, ఎందుకంటే అప్పటికి జీర్ణరసం పుంజుకుంటుంది. ఇంకో సంగతి: పాలు పోసిన ఓట్స్‌తో ఇచ్చినప్పుడు, నీళ్లతోనో ఆపిల్ రసంతోనో ఇచ్చినప్పటికంటే మెరుగ్గా నిలిచాయి. కొంచెం కొవ్వున్న ఆహారం కాపాడింది.

మన పెరుగన్నం సరిగ్గా ఈ కొలతలకు సరిపోతుంది. పప్పు, కూర, చారు అన్నాలు అయిపోయాక, విస్తరి ముందు నుంచి లేవకముందే పెరుగన్నం తింటాం. అప్పటికి జీర్ణాశయం నిండా ఆహారం ఉంటుంది, పీహెచ్ పైకి లేచి ఉంటుంది. అన్నంలోని పిండి, పెరుగులోని మాంసకృత్తులు, మీగడలోని కొవ్వు కలిసి బ్యాక్టీరియాకు గొడుగు పడతాయి. నేను పొద్దున్న తాగే పెరుగు మానేసి మధ్యాహ్నపు పెరుగన్నానికి మారింది ఇందుకే. డైటింగ్ పేరుతో మీగడంతా తీసేసిన పెరుగు తినేవాళ్లు కనీసం నాలుగు మెతుకులైనా కలుపుకోండి. మజ్జిగ తాగాలనుకుంటే భోజనం మధ్యలో తాగండి, తిన్న గంటకు కాదు.

6. వేడి దగ్గర చేసే పొరపాట్లు మానండి

ఆమ్లం దాకా వెళ్లకముందే వంటింట్లో ఎన్ని కోట్ల బ్యాక్టీరియా చనిపోతాయో తలుచుకుంటే నాకు బాధ కలుగుతుంది. దద్దోజనం చేసేటప్పుడు పొగలు కక్కే అన్నంలో పెరుగు పోస్తారు. 60 డిగ్రీలు దాటితే పెరుగు బ్యాక్టీరియాలో చాలామటుకు మిగలవు. అన్నాన్ని పళ్లెంలో పరిచి, చేయి పెడితే గోరువెచ్చగా ఉండేదాకా ఆగండి. తాలింపు కూడా విడిగా చేసి చల్లారాక కలపండి. మజ్జిగ పులుసు, మజ్జిగ చారు రుచికరమైనవే కానీ వాటిలో బతికిన బ్యాక్టీరియా ఉండవు. ఇడ్లీ, దోసె పిండిలో పులియబెట్టే బ్యాక్టీరియా దండిగా ఉంటాయి, ఆవిరి మీదా పెనం మీదా అవి పోతాయి. ఆవకాయను కూడా ప్రొబయోటిక్ అంటున్నారు. అంత ఉప్పు, కారం, నూనెలో లాక్టిక్ బ్యాక్టీరియా పెద్దగా పెరగడం కష్టం. ఆవకాయను ఆవకాయగానే ఇష్టపడదాం.

ప్రయాణానికి పెరుగన్నం కట్టుకునేవాళ్లకు పాతకాలపు పద్ధతి ఒకటి ఉంది. అన్నం మెత్తగా చిదిమి, గోరువెచ్చటి పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు కలిపి డబ్బా మూసేస్తారు. మధ్యాహ్నానికి డబ్బాలోనే తోడుకుంటుంది, పులవదు. బ్యాక్టీరియా పరంగా చూస్తే కూడా ఇది చక్కటి పద్ధతి. మీరు మూత తీసే వేళకు అవి అప్పుడే పెరిగి, అప్పుడే పులుపుకు అలవాటుపడి ఉంటాయి.

సద్దన్నం, తరవాణి, పులియబెట్టిన రాగి అంబలి కూడా ప్రాణమున్న ఆహారాలే. అంబలిని పులిశాక మళ్లీ కాయకండి. కాయాల్సి వస్తే, చల్లార్చాక మజ్జిగ కలుపుకుని తాగితే ఆ మజ్జిగ బ్యాక్టీరియా నిలుస్తాయి.

7. నిమ్మకాయతో మీరే పరీక్షించి చూడండి

నమ్మకం కలగాలంటే కళ్లతో చూడాలి. ఇందుకు మూడు నాలుగు నిమ్మకాయలు, నాలుగు చిన్న గిన్నెలు, నాలుగు గ్లాసులు, కొంచెం పెరుగు, అరలీటరు పాలు చాలు. ఇంట్లో బడికి వెళ్లే పిల్లలుంటే వాళ్లచేత చేయించండి.

నాలుగు గిన్నెలు తీసుకోండి. మొదటి దాంట్లో ఒక చెంచా పెరుగు, ఎనిమిది చెంచాల కాచి చల్లార్చిన నీళ్లు. రెండో దాంట్లో ఒక చెంచా పెరుగు, నాలుగు చెంచాల నీళ్లు, నాలుగు చెంచాల నిమ్మరసం. మూడో దాంట్లో ఒక చెంచా పెరుగును ముందు నాలుగు చెంచాల పాలలో గిలక్కొట్టి, ఆ తర్వాత నాలుగు చెంచాల నిమ్మరసం. నాలుగో దాంట్లో పెరుగు లేకుండా నీళ్లు, నిమ్మరసం మాత్రమే. మూడో గిన్నెలో పాలు విరుగుతాయి, ఫరవాలేదు. నాలుగింటినీ గంటసేపు వెచ్చటి చోట ఉంచండి.

గంట తర్వాత ఒక్కో గిన్నెను బాగా కలిపి, ఒక్కో దాంట్లోంచి అరచెంచా తీసి, వంద మిల్లీలీటర్ల గోరువెచ్చటి పాలున్న గ్లాసులో వేసి కలపండి. అంతకన్నా ఎక్కువ వేస్తే నిమ్మ పులుపుకే పాలు విరిగి మోసపోతాం. గ్లాసులకు గుర్తులు పెట్టి ఒకే చోట ఉంచి, నాలుగు గంటల తర్వాత నుంచి గంటకోసారి వంచి చూడండి. ఏది ఏ గంటకు గడ్డకట్టిందో కాగితం మీద రాసుకోండి.

ఆ ఆలస్యమే మీ కొలత. బతికున్న బ్యాక్టీరియా పదో వంతుకు పడిపోతే, ఆ లోటు పూడాలంటే అవి మూడుసార్లకు పైగా రెట్టింపు కావాలి. అందుకు పట్టే సమయమంతా తోడుకోవడంలో ఆలస్యంగా కనిపిస్తుంది. రెండో గ్లాసు మొదటి దానికన్నా ఎంత వెనకబడిందో చూడండి, అది ఆమ్లం తీసుకున్న వాటా. మూడోది రెండో దానికన్నా ఎంత ముందు వచ్చిందో చూడండి, అది పాలు కాపాడిన వాటా. నాలుగోది అప్పటికీ పాలగానే ఉండాలి. అదీ గడ్డకడితే పాలు పాతవో, నిమ్మరసం ఎక్కువైందో, మళ్లీ చేయాలి. జీర్ణాశయంలో నిమ్మరసం కాకుండా హైడ్రోక్లోరిక్ ఆమ్లం, మాంసకృత్తులను అరిగించే పెప్సిన్ ఉంటాయి కాబట్టి ఈ అంకెలను కడుపుకు యథాతథంగా వర్తింపజేయకండి. పరీక్ష అయ్యాక ఆ గ్లాసుల్లోని పాలు పారబోయండి.

8. కొనేటప్పుడు చీటీ చదవండి

ఇంటి పెరుగును నేను ప్రొబయోటిక్ అనను. 2001లో ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు ఇచ్చిన నిర్వచనం ప్రకారం, తగినంత మోతాదులో తీసుకున్నప్పుడు ఆరోగ్యానికి మేలుచేసే సజీవ సూక్ష్మజీవులనే ఆ పేరుతో పిలవాలి. మేలు ఫలానా రకంతో రుజువు కావాలి. మన గిన్నెలో ఏ రకాలున్నాయో ఇంటింటికీ మారిపోతుంది. దానివల్ల ఇంటి పెరుగు విలువ తగ్గదు, కానీ డబ్బు పెట్టి ప్రొబయోటిక్ కొంటున్నప్పుడు ఆ పేరుకు తగిన వివరాలు అడగడం మీ హక్కు.

మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారం రోజువారీ మోతాదులో సాధారణంగా కనీసం 10 కోట్ల సజీవ కణాలు ఉండాలి. చీటీ మీద మూడు భాగాల పేరు కనిపించాలి: ప్రజాతి, జాతి, ఆ తర్వాత రకాన్ని గుర్తించే అక్షరాలో అంకెలో. లాక్టోబాసిల్లస్ అని మాత్రమే రాసి ఊరుకుంటే దాని ఆమ్ల సహనం గురించి మీకు ఏమీ తెలియనట్టే, ఎందుకంటే ఒకే జాతిలో రెండు రకాలకు తట్టుకునే శక్తి వేరుగా ఉంటుంది. 2020లో శాస్త్రజ్ఞులు లాక్టోబాసిల్లస్ ప్రజాతిని 25 ప్రజాతులుగా విడగొట్టారు కాబట్టి, పాత పేరు రామ్నోసస్ ముందు ఇప్పుడు లాక్టికేసిబాసిల్లస్ అని కనిపిస్తే కంగారు పడకండి. సజీవ కణాల సంఖ్య తయారైన రోజుకు కాకుండా గడువు తీరే రోజుకు చెప్పారో లేదో కూడా చూడండి.

బైఫిడోబాక్టీరియా అనే మరో ప్రజాతిలో చాలా రకాలు ఆమ్లానికి సున్నితం, యానిమాలిస్ లాక్టిస్ మాత్రం వాటిలో గట్టిది. బాసిల్లస్ క్లాసీ, కోయాగ్యులాన్స్ లాంటివి గింజల్లాంటి స్పోర్ల రూపంలో ఉంటాయి. వాటికి పంపులు, అమ్మోనియా ఏవీ అక్కర్లేదు, ఆ పెంకు ఆమ్లాన్ని తేలిగ్గా దాటేస్తుంది. కొన్ని గొట్టం మాత్రలకు (క్యాప్సూళ్లకు) ఆమ్లంలో కరగని, పేగుల్లో మాత్రమే కరిగే పూత ఉంటుంది. అలాంటి గొట్టం మాత్రను విప్పి పాలలో కలిపితే ఆ పూతకు ఇచ్చిన డబ్బు వృథా. మరే గొట్టం మాత్రనూ వేడి పాలలో కలపకండి.

9. మందులు వాడుతుంటే

యాంటీబయాటిక్స్ వేసుకునే రోజుల్లో ప్రొబయోటిక్‌కూ మందుకూ కనీసం రెండు గంటల ఎడం పెట్టండి. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటివి పెరుగులోని కాల్షియంతో కలిసి సరిగా ఒంటబట్టవు కాబట్టి వాటికి ఈ ఎడం ఇంకా ముఖ్యం. శాక్రోమైసిస్ బౌలార్డీ బ్యాక్టీరియా కాదు, ఈస్ట్. యాంటీబయాటిక్స్ దాన్ని చంపవు.

కడుపు మంటకు ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు వాడేవాళ్ల జీర్ణాశయంలో బ్యాక్టీరియా ఎక్కువ బతుకుతాయి. మంచివీ బతుకుతాయి, చెడ్డవీ బతుకుతాయి. ప్రొబయోటిక్ కోసమని ఆ మాత్రలు వేసుకోవద్దు. ఆ ఆమ్లం మనల్ని రోజూ కలుషిత ఆహారం నుంచి కాపాడే కాపలాదారు.

రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, పెద్ద సిరల్లో గొట్టం అమర్చుకున్నవాళ్లు డాక్టరును అడగకుండా ప్రొబయోటిక్ మందులు మొదలుపెట్టకండి. నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు సొంతంగా అసలు ఇవ్వకండి.

10. తోడును కాపాడుకోండి

మంచి తోడు దొరికినప్పుడు దాన్ని పోగొట్టుకోకండి. ప్రతిసారీ గిన్నె అడుగున మిగిలిన పులిసిన పెరుగు తోడుగా వేస్తూ పోతే, పులుపుకు మాత్రమే తగిన రకాలు పెరిగి పెరుగు రానురాను పుల్లబడుతుంది. తాజాగా తోడుకున్న రోజునే, ఎవరూ చెయ్యి పెట్టకముందు, గిన్నె మధ్యలోంచి రెండు చెంచాలు తీసి శుభ్రమైన చిన్న డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. వారంలోపు వాడండి.

ఊరెళుతుంటే ఐసు ట్రేలో ఒక్కో గడిలో ఒక్కో చెంచా పెరుగు వేసి గడ్డకట్టించండి. గడ్డకట్టడంలో కొన్ని చనిపోతాయి, తోడుకోవడానికి సరిపడినవి మిగులుతాయి. తిరిగొచ్చాక ఒక ముక్క తీసి ఫ్రిజ్‌లో కరగనిచ్చి వాడుకోవచ్చు, మొదటిసారి రెండు మూడు గంటలు ఎక్కువ పట్టవచ్చు. ఆ మొదటి గిన్నె పెరుగు కాస్త జారుగా వచ్చినా పారబోయకండి. దానిలోంచి ఒక చెంచా తీసి ఇంకోసారి తోడుపెట్టి, పొద్దున్నే గిన్నె వంచి చూడండి.